నివేదికల్లో జరిగే దొంగతనం

తవ్విన నేలను మళ్లీ తవ్వలేం. ఒక స్తూపాన్ని విప్పాక, ఏ పొరలో ఏది ఉండేదో చెప్పడానికి మిగిలేవి ఆనాడు రాసుకున్న నోట్సు, గీసుకున్న పటాలు, తీసుకున్న ఫొటోలే. అందుకే ఒక పురావస్తు పరిశోధకుడి కృషిని మరొకడు తన పేరిట రాసుకుంటే, నష్టం ఆ పరిశోధకుడితో ఆగదు. ఆ రాతను నమ్మి రాసిన చరిత్రంతా అనుమానంలో పడుతుంది. ఈ ప్రమాదం ఎంత దూరం పోగలదో మన దేశం ఒకసారి చూసింది.

ఆలోయిస్ ఆంటన్ ఫ్యూరర్ సంస్కృతం తెలిసిన జర్మన్ పండితుడు. 19వ శతాబ్దం చివర లక్నో మ్యూజియం బాధ్యత, వాయవ్య రాష్ట్రాల పురావస్తు సర్వే అతడి చేతిలో ఉండేవి. 1891-92లో అహిచ్ఛత్ర దగ్గరి రామ్‌నగర్‌లో తవ్వి, జైన శాసనాలు దొరికాయని నివేదిక ఇచ్చాడు. ఆ పాఠాలు శాసన పండితుడు జార్జ్ బ్యూలర్ మథుర శాసనాలపై చేసిన కృషి నుంచి ఎత్తి అల్లినవి. ఆ సంగతిని మరో పండితుడు హైన్‌రిష్ ల్యూడర్స్ సాక్ష్యాలతో నిరూపించేసరికి 1912 వచ్చింది. అంటే ఇరవై ఏళ్లపాటు ఆ అబద్ధం ప్రభుత్వ నివేదిక హోదాలో చెలామణి అయింది.

భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ వెలికితీసిన ధాతుకరండాల (పవిత్ర అవశేషాల పేటికల) మీది అక్షరాలను చదివింది కూడా ఈ బ్యూలరే. రీ తవ్వాడు, బ్యూలర్ చదివాడు. ఎవరి పని వారి పేరునే నిలిచింది. నూరేళ్లు దాటినా, ఆ లిపి గురించి వాదించుకునేవారు మూలానికి వెళ్లి సరిచూసుకోగలుగుతున్నారు. రామ్‌నగర్ విషయంలో ఆ దారే మూసుకుపోయింది.

ఫ్యూరర్ మొదటి దొంగతనాన్ని ఎవరూ అడ్డుకోలేదు. 1895లో నేపాల్ తరాయిలోని నిగాలీ సాగర్ దగ్గర ఫ్యూరర్ అశోకుడి స్తంభాన్ని గుర్తించాడు. స్తంభం అసలైనదే. కనకముని బుద్ధుడి స్తూపాన్ని అశోకుడు పెంచి కట్టించాడని దానిపై ఉంది. అది చాలలేదేమో, ఆ స్తూప శిథిలాలు కూడా పక్కనే ఉన్నాయంటూ సవివరంగా వర్ణించాడు. ఆ వర్ణన అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ 1854లో సాంచి పరిసరాల స్తూపాలపై వేసిన పుస్తకంలోది. నిగాలీ సాగర్ దగ్గర అలాంటి స్తూపమే లేదు! ఎక్కడో ఉన్న స్తూపం గురించి మరొకరు రాసిన మాటలు, ఇక్కడ లేని స్తూపానికి ఆధారమయ్యాయి.

పరుల పాఠాన్ని ఎత్తిరాయడం చిన్న తప్పు, నకిలీ శాసనం సృష్టించడం పెద్ద నేరం అని విడదీసి చూసేవారు ఈ వరసను గమనించాలి. రాయిని చూడకుండానే చదివానని రాసి బయటపడినవాడికి ఒక విషయం అర్థమైపోతుంది: రాయి దగ్గరికి వెళ్లి చూసేవాళ్లు లేరని. ఆ తర్వాత అదే తరాయిలోని సగర్వాలో ఫ్యూరర్ చిన్న చిన్న స్తూపాలను పదిహేడింటిని కూలగొట్టి, శాక్య వీరుల పేర్లున్న శాసనాలు దొరికాయన్నాడు. బర్మా భిక్షువు ఊ మాకు బుద్ధ ధాతువులంటూ నకిలీలను అమ్మాడు. వాటిలో ఒక దంతం గుర్రానిదని తేలింది. 1898లో ఉద్యోగం పోయింది, తరాయి పరిశోధనలపై అతడు రాసిన పుస్తకాన్ని ప్రభుత్వం ఉపసంహరించింది. కూలిన స్తూపాలను మాత్రం ఎవరూ తిరిగి నిలబెట్టలేరు.

ఆ 1898 జనవరిలోనే, అక్కడికి కొద్ది దూరంలో పిప్రాహ్వా స్తూపంలో ఎస్టేటు యజమాని పెప్పే శాసనమున్న ధాతుకరండాన్ని కనుగొన్నాడు. ఫ్యూరర్ అంత దగ్గరలో ఉన్నాడన్న ఒక్క కారణంతో ఆ కరండం మీది అక్షరాలను కూడా శంకించినవారున్నారు. 2025లో, హాంకాంగ్‌లో వేలానికి సిద్ధమైన పిప్రాహ్వా రత్నాలు మన దేశానికి తిరిగి వచ్చాయి. వాటి ప్రామాణికతను కూడా దొంగ పక్కన నిలబెట్టి పరీక్షించాల్సి వచ్చింది.

హోమర్ కావ్యంలోని ట్రాయ్ నగరం సంగతీ ఇలాంటిదే. హిసార్లిక్ దిబ్బే ట్రాయ్ అని నమ్మి, అక్కడ 1860లలోనే తవ్వినవాడు ఫ్రాంక్ కల్వర్ట్. 1868లో ఆ దిబ్బను జర్మన్ వ్యాపారి ష్లీమన్‌కు చూపించిందీ ఆయనే. కీర్తి ష్లీమన్‌కు దక్కింది. దొంగిలించినవాడికి ఆవిష్కరణ దక్కుతుంది, ఆవిష్కర్తకుండే సందేహం దక్కదు. పొరల మధ్య వెయ్యేళ్ల ఖాళీ ఉందని కల్వర్ట్ 1873లో ఎత్తిచూపితే ష్లీమన్ మండిపడ్డాడు. దిబ్బ నడిమధ్య వెడల్పాటి కందకం తీసి, తాను వెదుకుతున్న కాలపు పొరలనే చాలావరకు పారబోశాడు. ట్రాయ్ రాజు ప్రియామ్ నిధి అని అతడు చాటినది, ఆ రాజు కాలమని చెప్పేదానికి వెయ్యేళ్ల కన్నా ముందుది.

ఇద్దరు పరిశోధకులు వేర్వేరుగా ఒకే నిర్ణయానికి రావచ్చు. ప్రతి వివాదాన్నీ దొంగతనం అనడం తప్పు. అయితే ఏది ఏదో తేల్చాలంటే కాగితం ఉండాలి, అది సకాలంలో అచ్చుకావాలి. నాగార్జునకొండ తవ్వకాలు 1954 నుంచి 1960 వరకు జరిగాయి. నివేదిక మొదటి సంపుటి 1975లో, రెండోది 2006లో వచ్చాయి. లోయ నీట మునిగింది, పనిచేసినవారిలో ఎందరో ఈలోగా కన్నుమూశారు. ఇంత ఆలస్యం ఎవరి కృషినైనా అనాథను చేస్తుంది. అనాథ కృషికి యజమానులు ఎక్కడి నుంచైనా పుట్టుకొస్తారు.

ఇప్పుడు ప్రమాదం మరింత దగ్గరికి వచ్చింది. పొలం గట్టున కనిపించిన శాసనాన్ని ఊరి ఉపాధ్యాయుడు ఫోన్లో ఫొటో తీసి పదిమందికి పంపితే, సాయంత్రానికి అది ఎవరి పేరుతోనైనా తేలవచ్చు. ఫొటో వెంట చోటు, దిక్కు, పక్కన దొరికిన పెంకుల వివరాలు వెళ్లవు. ఆ వివరం చెప్పగలిగినవాడి పేరే తొలగిపోతే, అడగడానికి మనిషి కూడా ఉండడు.

రెండు తెలుగు రాష్ట్రాల పురావస్తు శాఖలూ ప్రతి శాసనానికీ మొదట తెలిపిన వ్యక్తి పేరు, తేదీ, స్థలం నమోదు చేసి అందరికీ కనిపించేలా ఉంచాలి. నివేదిక బాకీ ఉన్న అధికారికి కొత్త తవ్వకానికి అనుమతి ఇవ్వకూడదు. ఎత్తిరాత రుజువైనప్పుడు క్షమాపణతో సరిపెట్టకుండా, ఆ వ్యక్తి అంతకుముందు ఇచ్చిన నివేదికలన్నిటినీ రాళ్ల దగ్గరికి, మ్యూజియం అల్మరాల దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ సరిచూడాలి. లక్నోలో 1892లోనే ఆ పని జరిగి ఉంటే సగర్వా స్తూపాలు ఈనాటికీ నిలిచి ఉండేవి.