ఊబి వేరు, అడుసు వేరు

ఇంగ్లీషులో ఎస్, ఎల్, ఓ, యు, జి, హెచ్ అనే ఆరక్షరాల మాట ఒకటుంది. 'స్లౌ' అని పలికితే ఊబి, బురద నేల. అమెరికాలో ఆ అర్థానికి ఎక్కువగా 'స్లూ' అంటారు. అదే స్పెల్లింగును 'స్లఫ్' అని పలికితే పాము విడిచిన కుబుసం. ఇలాంటివి చూసే మనలో చాలామందిమి ఇంగ్లీషంటే బెదిరిపోతాం. అయితే దానికి తెలుగు అర్థం రాసుకునే ముందు ఒక్క సంగతి ఆలోచించాలని మా మనవి.

డిక్షనరీలో బురద, రొంపి, అడుసు, ఊబి ఒకే వరుసలో కనబడతాయి. మన ఇళ్లలో అవి ఒకటి కావు. వానకు దారిలో అయ్యేది బురద. కాలు పెడితే లోపలికి లాగేది ఊబి. నీళ్లు కట్టి దున్ని, కానుగాకు వేసి తొక్కి, నాటుకు సిద్ధం చేసిన మడిలో ఉండేది అడుసు. మట్టిగోడ పెట్టడానికి తొక్కి కలిపేదీ అడుసే. మన గుర్రంకొండ పక్క వానలు తక్కువ. చెరువుకు నీళ్లొస్తేనే చెరువు కింది మడిలో అడుసు, అడుసుంటేనే వరినాటు. నాట్లకు కూలికి పోయే మన అమ్మలకు ఈ తేడా ఎవరూ నేర్పనక్కరలేదు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని సామెత. చెడ్డపనికి పోవద్దని చెప్పడానికి వాడతారు. నీతి మంచిదే. కానీ ఆ పోలిక తెచ్చినవాళ్లు మడిలో దిగినవాళ్లు కారేమో అనిపిస్తుంది. అడుసు తొక్కేవాళ్లు లేకపోతే అన్నమెక్కడిది?

నిరాశలో కూరుకుపోవడం అనే అర్థంలో ఆ ఇంగ్లీషు మాట ప్రసిద్ధి కావడానికి 1678లో అచ్చయిన 'పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్' ముఖ్య కారణం. దాన్ని రాసిన జాన్ బన్యన్ పాత్రలకు మాట్లు వేసే ఇంట పుట్టినవాడు. అందులో వీపున మూటతో పోయే బాటసారి నిరాశ అనే ఊబిలో పడతాడు. కూడా వచ్చినవాడు ఎట్లో గట్టెక్కి ఇంటికి తిరిగిపోతాడు. 'సహాయం' అనే పేరుగలవాడు వచ్చి బాటసారికి చెయ్యి అందిస్తాడు. ఆ ఊబి మధ్యలో మెట్లున్నాయని, అవి సులభంగా కనబడవని చెబుతాడు.

హాస్టల్లో చాలామందికి పదో తరగతి ఇంగ్లీషు అలాంటి ఊబే. అక్కడే చదువు మానుకుని ఇంటిదారి పట్టేవాళ్లూ ఉంటారు. అందుకే పూర్వ విద్యార్థులైన అన్నలను మేము కోరేది ఒక్కటే. వార్షికోత్సవానికి వచ్చి మాట్లాడిపోవడంతో ఆగకండి. నెలకొక ఆదివారం వచ్చి పిల్లల పక్కన కూర్చుని ఇంగ్లీషు చదివించండి. మెట్లు ఎక్కడున్నాయో దాటినవాళ్లకే కదా తెలిసేది!

తమ్ముళ్లకు చెప్పేది కూడా ఉంది. పెరగాలంటే కుబుసం విడవాల్సిందే. మనం విడవాల్సింది భయాన్ని, మనం తక్కువనే భావాన్ని. అమ్మ కాళ్లకు అంటిన అడుసు చూసి సిగ్గుపడేంత చదువు మనకొద్దు.