ఒక్క మెతుకుతో తేలని లెక్క

2005 ఏప్రిల్ 11. బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్ కిక్కిరిసి ఉంది. 86 ఏళ్ల తర్వాత దక్కిన బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ గెలుపుకు గుర్తుగా రెడ్ సాక్స్ ఆటగాళ్లు ఉంగరాలు అందుకునే రోజది. ఆటకు ముందు ప్రత్యర్థి న్యూయార్క్ యాంకీస్ ఆటగాళ్లను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆఖరి ఇన్నింగ్స్ వేసే పిచర్ మరియానో రివెరా పేరు వినపడగానే స్టేడియమంతా చప్పట్లతో హోరెత్తింది. బోస్టన్ జనం అంత సంబరపడటానికి కారణం ఉంది. వారం తిరగకముందే ఇదే రెడ్ సాక్స్ మీద అతను వరుసగా రెండు రోజులు, చేతికొచ్చిన ఆధిక్యాన్ని చేజార్చాడు. రివెరా నవ్వి, జనం వైపు వంగి అభివాదం చేశాడు.

న్యూయార్క్‌లో మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ఏప్రిల్ 5న తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బోస్టన్ బ్యాటర్ జేసన్ వారిటెక్ కొట్టిన హోమ్ రన్‌తో స్కోరు సమమైంది. వెంటనే రివెరా సహచరుడు డెరెక్ జీటర్ హోమ్ రన్ కొట్టి ఆదుకున్నాడు కాబట్టి ఆ రోజు గండం గడిచింది. మర్నాడు ఆదుకునేవాళ్లు లేకపోయారు. యాంకీస్ ఫీల్డర్ అలెక్స్ రోడ్రిగ్జ్ చేతిలోంచి బంతి జారింది, ఒకటి వెంట ఒకటి పరుగులు వచ్చిపడ్డాయి, ఆట పోయింది. సొంత మైదానంలోనే అభిమానులు రివెరాను గేలి చేశారు. అతనికి 35 ఏళ్లు. ఆరు నెలల క్రితమే 2004 అక్టోబరులో ఇదే బోస్టన్ అతని చేతిలోంచి రెండు ఆటలు లాక్కుంది. ఇక రివెరా పని అయిపోయిందన్న మాట మొదలైంది.

ఆ సీజన్ ముగిసేసరికి అతని ఖాతాలో 43 సేవ్‌లు, అంటే ఆధిక్యం నిలబెట్టి ముగించిన ఆటలు. ఇచ్చిన పరుగుల సగటు (ఈఆర్ఏ) 1.38 మాత్రమే. ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు ఓటింగులో అమెరికన్ లీగ్‌లో రెండో స్థానం.

ఏటా ఏప్రిల్ వచ్చేసరికి ఏదో ఒక ఊళ్లో ఈ కథ మళ్లీ మొదలవుతుంది. పేరున్న క్లోజర్ రెండు రాత్రులు తడబడితే చాలు, అతన్ని ఆ బాధ్యత నుంచి తప్పించాలని అభిమానులు పట్టుబడతారు. వాళ్ల గాభరాను తేలిగ్గా తీసిపారేయకూడదు. క్లోజర్ అంటే జట్టు స్వల్ప ఆధిక్యంలో ఉన్నప్పుడు ఆఖరి ఇన్నింగ్స్ వేసి ఆటను ముగించేవాడు. ఎక్కువ సందర్భాల్లో మూడు పరుగులో అంతకంటే తక్కువో ఆధిక్యం ఉండగా వచ్చి, దాన్ని నిలబెట్టి ముగిస్తే అది సేవ్. 1969 నుంచి అధికారిక లెక్కల్లో ఉన్న కొలమానం. మొదట్లోనే పరుగులిచ్చిన పిచర్‌ను జట్టు ఆదుకోవడానికి ఇంకా చాలా ఇన్నింగ్స్ మిగిలి ఉంటాయి. క్లోజర్‌కు ఆ వెసులుబాటు లేదు. ఎనిమిది ఇన్నింగ్స్ పాటు జట్టంతా పడిన కష్టం అతని చేతిలో పడుతుంది. మూడు గంటలు ఊపిరి బిగబట్టి కూర్చున్న మనిషికి నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోతే కలిగే బాధ అది. ఆ బాధ నిజమైనది. అయితే దానిలోంచి పుట్టే తీర్పు మాత్రం చాలాసార్లు తప్పుతుంది.

ఎందుకు తప్పుతుందో లెక్క చెబుతుంది. ఈఆర్ఏ అంటే ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చినవి తీసేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడన్న లెక్క. సీజన్ మొత్తంలో క్లోజర్ వేసేది అరవై, డెబ్బై ఇన్నింగ్స్. మొదటి నెలలో పది దాటడమే గగనం. ఆ పదింటిలో ఎనిమిది రాత్రులు ఒక్క పరుగూ ఇవ్వకుండా, మిగతా రెండు రాత్రులు మూడేసి పరుగులు ఇచ్చాడనుకుందాం. ఈఆర్ఏ 5.40 అవుతుంది. ఆ అంకె పత్రికలో చూసినవాళ్లకు పిచర్ కుప్పకూలినట్టే కనిపిస్తుంది. పదిలో ఎనిమిది రాత్రులు అతను పని పూర్తి చేశాడన్న సంగతి ఆ అంకెలో ఎక్కడా కనిపించదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందంటారు. అన్నం విషయంలో అది అక్షరాలా నిజం. గిన్నెలోని మెతుకులన్నీ ఒకే నీటిలో, ఒకే మంట మీద ఉడుకుతాయి. క్లోజర్ రాత్రులు అలాంటివి కావు. ఒక రోజు ఎదురుగా లీగ్‌లోకెల్లా మెరుగైన ముగ్గురు బ్యాటర్లు, ఇంకో రోజు జట్టులో చివరి ముగ్గురు. ఒక రోజు నాలుగు రోజుల విశ్రాంతి తర్వాత చేతికొచ్చిన బంతి, ఇంకో రోజు వరుసగా మూడో రాత్రి. ఉత్తరాది నగరాల్లో ఏప్రిల్ రాత్రుల చలికి వేళ్లు కొయ్యబారి బంతి పట్టు దొరకదు. ఒక మెతుకు పట్టి గిన్నె మొత్తం పారబోయాలనడం ఇక్కడ న్యాయం కాదు.

రివెరా కథలో 2005 కంటే పాఠం చెప్పే ఏడాది 1997. అంతకుముందు సీజన్‌లో యాంకీస్ క్లోజర్ జాన్ వెటెలాండ్. వరల్డ్ సిరీస్ అత్యుత్తమ ఆటగాడిగా నిలిచి, ఆ వెంటనే టెక్సస్‌కు వెళ్లిపోయాడు. ఆ స్థానంలోకి వచ్చిన రివెరా మొదటి ఆరు అవకాశాల్లో మూడింటిని పోగొట్టాడు. మేనేజర్ జో టోరీ అతన్ని పిలిచి, క్లోజర్‌వి నువ్వే, అందులో మార్పు లేదని చెప్పాడు. తర్వాత కొద్ది వారాలకు, సహచరుడు రామిరో మెండోసాతో మామూలుగా బంతి విసురుకుంటుండగా, రివెరా చేతిలో బంతి తనంతట తానే చివరి క్షణంలో పక్కకు తిరగడం మొదలైంది. అదే కట్టర్. ఎడమచేతి బ్యాటర్ల బ్యాట్లను పదహారేళ్ల పాటు విరగ్గొట్టిన బంతి. ఏప్రిల్ లెక్కలు చూసి టోరీ అతన్ని పక్కన పెట్టి ఉంటే 652 సేవ్‌ల రికార్డు దాకా అతని ప్రయాణం ఎలా సాగేదో ఎవరూ చెప్పలేరు. 2019లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఒక్క ఓటూ తప్పకుండా ఎన్నికైన మొదటి ఆటగాడు రివెరానే.

ఎడ్విన్ డియాజ్‌ది ఇంకా కష్టమైన దారి. 2018లో సియాటిల్‌కు 57 సేవ్‌లు చేసిపెట్టి, న్యూయార్క్ మెట్స్‌కు వచ్చిన మొదటి ఏడాదే 5.59 ఈఆర్ఏతో కుదేలయ్యాడు. సిటీ ఫీల్డ్‌లో గేలి మామూలైపోయింది. 2020లో కరోనా వల్ల జూలైలో మొదలైన సీజన్‌లో, రెండో ఆటలోనే, గెలుపుకు ఒక్క ఔట్ దూరంలో మార్సెల్ ఓజునా అతని బంతిని స్టాండ్స్‌లోకి కొట్టాడు. మళ్లీ అభిమానుల విమర్శలు. ఆ కుదించిన సీజన్ అయ్యేసరికి డియాజ్ ఈఆర్ఏ 1.75. రెండేళ్లు తిరిగేసరికి అదే మైదానంలో, అతను బుల్‌పెన్ తలుపు తీసుకుని వస్తుంటే ట్రంపెట్ పాటకు జనం లేచి నిలబడ్డారు. 2022లో 62 ఇన్నింగ్స్‌లో 118 మందిని స్ట్రైకౌట్ చేశాక, అయిదేళ్లకు 10.2 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చి మెట్స్ అతన్ని అట్టిపెట్టుకుంది.

హైదరాబాదీలకు ఈ అనుభవం కొత్త కాదు. 2025 ఆగస్టు 3న ఇంగ్లండ్‌తో ఓవల్ క్రికెట్ టెస్టులో హ్యారీ బ్రూక్ 19 పరుగుల దగ్గర ఇచ్చిన క్యాచ్ పట్టి, హైదరాబాద్ బౌలర్ మహమ్మద్ సిరాజ్ బౌండరీ తాడు తొక్కాడు. బ్రూక్ 111 కొట్టాడు. ఆ సాయంత్రం సిరాజ్ మీద పడని నింద లేదు. మర్నాడు ఉదయం భారత్ ఆరు పరుగులతో గెలిచింది. ఆఖరి వికెట్ సిరాజ్‌దే.

ఇంత చెప్పినా, ప్రతి ఏప్రిల్ కంగారూ ఉత్తదే అనడం కూడా సరికాదు. బ్రాడ్ లిడ్జ్ ఉన్నాడు. 2008లో ఫిలడెల్ఫియా ఫిలీస్ తరఫున సీజన్‌లో 41 అవకాశాలకు 41 సేవ్‌లు. ప్లేఆఫ్స్‌తో కలిపి 48కి 48. వరల్డ్ సిరీస్ ఆఖరి ఔట్ తీసి మైదానంలోనే మోకాళ్ల మీద కూలబడిన దృశ్యాన్ని ఆ ఊరు మరచిపోలేదు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లోనే పరుగులు ఇవ్వడం మొదలైంది, చివరిదాకా ఆగలేదు. ఈఆర్ఏ 7.21, చేజార్చిన సేవ్‌లు 11. అయితే ఆ ఏడాది లిడ్జ్ ఒళ్లు సహకరించలేదు. జూన్‌లో మోకాలి నొప్పితో జట్టుకు దూరమయ్యాడు కూడా.

అభిమానులు చూడాల్సింది అక్కడ. పరుగుల పట్టిక కంటే ముందు వేగం చూడాలి. 2015 నుంచి స్టాట్‌కాస్ట్ అనే కొలత వ్యవస్థ పుణ్యమా అని ప్రతి బంతి వేగం, అది తిరిగే తీరు ఎవరైనా చూసుకోవచ్చు. నిరుటితో పోలిస్తే ఫాస్ట్‌బాల్ రెండు మైళ్లు తగ్గిందా? స్లయిడర్ వేసిన చోట పడుతోందా, బ్యాటర్ నడుము ఎత్తులో తేలుతోందా? వాకులు పెరుగుతున్నాయా? వీటికి జవాబు చెడుగా ఉంటే ఆందోళన పడాల్సిందే, మేనేజర్‌ను నిలదీయాల్సిందే. వేగం నిలకడగా ఉండి, గురి కుదురుగా ఉండి, రెండు రాత్రులు మాత్రం చేదుగా గడిస్తే మే నెలాఖరు దాకా ఆ మనిషికి ఆఖరి ఇన్నింగ్స్ ఇచ్చి తీరాలి. సొంత మైదానంలో సొంత పిచర్‌ను గేలి చేయడం మాత్రం ఏ నెలలోనూ మంచిది కాదు.

2009 నవంబరు 1న ఫిలడెల్ఫియాలో ఫిలీస్, యాంకీస్ మధ్య వరల్డ్ సిరీస్ నాలుగో ఆట. స్కోరు 4-4. తొమ్మిదో ఇన్నింగ్స్‌కు ఫిలీస్ మేనేజర్ చార్లీ మాన్యుయెల్ లిడ్జ్‌కే బంతి ఇచ్చాడు. ఇద్దరిని ఔట్ చేశాక జానీ డామన్ తొమ్మిది బంతులు ఎదుర్కొని సింగిల్ తీశాడు. ఒకే ఊపులో రెండు బేస్‌లు దొంగిలించాడు. రోడ్రిగ్జ్, పొసాడా వరుసగా కొట్టారు. మూడు పరుగులు వచ్చాయి. లిడ్జ్ దిగిపోయిన అదే మౌండ్ మీదికి, తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగంలో, మరికొద్ది వారాల్లో నలభై నిండబోతున్న రివెరా నడుచుకుంటూ వచ్చి ఆటను ముగించాడు.