రంగు ఊకకెక్కింది సరే, ఆ ఊక ఎక్కడికి పోతుంది?

పోయిన నెల సెలవు రోజున షార్జాలోని మా క్యాంపు గదిలో చిట్టీ డబ్బుల లెక్క తేలాక ఒక కొత్త ముచ్చట ముందుకొచ్చింది. మాలో ఒకాయన బామ్మర్ది సిరిసిల్ల దగ్గర చిన్న యూనిట్ పెడతాడట. వడ్ల ఊక, పల్లి పొట్టు మెత్తగా పట్టించి, సంచుల్లో నింపి అద్దకం షెడ్లకు అమ్ముతాడట. రంగు నీళ్ళలో ఆ పొడి కలిపితే రంగుతోపాటు సీసం, క్రోమియం కూడా దానికే అతుక్కుని నీళ్ళు తేటగా వస్తాయట. 'ఊక ఉత్త పుణ్యానికి దొరుకుతది బావా. తలా ఐదు వేల దిర్హాములు వేసుకుంటే మన వాగు బాగుపడతది, మనకూ నాలుగు పైసలు మిగులుతయి' అన్నాడు ఫోన్లో. తోడుగా 'వ్యవసాయ వ్యర్థాలతో మురుగునీటికి విరుగుడు' అనే తీరు వార్తలు నాలుగైదు పంపించాడు.

మేము ఆరుగురం. ఇద్దరం సివిల్ డిప్లొమా చేసి సూపర్‌వైజర్లుగా ఉన్నాం. మిగతావాళ్ళు స్టీలు, షట్టరింగు పనిలో ఉన్నారు. ఎండలో సంపాదించిన డబ్బు కాబట్టి, పెట్టేముందు విషయమేమిటో తెలుసుకుందామని కొన్ని వారాలు చదివాం, తెలిసినవాళ్ళను అడిగాం. తేలిందేమిటంటే, ఈ విద్య అబద్ధం కాదు, వ్యాపారం మాత్రం చెప్పినంత తేలిక కాదు. ఇలాంటి వార్తలు చూసి ఊళ్ళో పెట్టుబడి పెట్టాలనుకునే సోదరులు గల్ఫ్‌లో చాలామంది ఉన్నారు. అందుకే ఇది రాస్తున్నాం.

ఊక ఎలా పట్టుకుంటుంది?

వడ్ల ఊక, కొబ్బరి పీచు, చెరకు పిప్పి, రంపపు పొట్టు... వీటన్నిటిలో ఉండేవి ముఖ్యంగా సెల్యులోజ్, లిగ్నిన్ లాంటి పదార్థాలు. నీళ్ళలో కరిగి ఉన్న సీసం, రాగి, కాడ్మియం అయాన్లు అతుక్కోవడానికి వాటి ఉపరితలం మీద తగిన చోట్లు ఉంటాయి. స్పాంజి నీళ్ళు తాగినట్టు కాదిది, పై పొరకు అంటుకోవడం. అందుకే పొడి మెత్తగా ఉన్నకొద్దీ చోటు పెరుగుతుంది. కొబ్బరి చిప్పలను బొగ్గు చేసి యాక్టివేట్ చేస్తే ఆ చోటు ఎన్నో రెట్లవుతుంది. ఇళ్ళలోని నీటి ఫిల్టర్లలో అలాంటి బొగ్గు ఎప్పటినుంచో వాడుతున్నారు. ఇక్కడ గల్ఫ్ విశ్వవిద్యాలయాల్లో ఖర్జూరం గింజలతో, మట్టలతో ఇవే ప్రయోగాలు చేశారు. అంటే మూలసూత్రంలో మోసమేమీ లేదు.

కాకపోతే ఇందులో పీహెచ్‌దే పెత్తనం. కాంక్రీటు మిక్సర్ కడిగిన నీళ్ళ పీహెచ్ 12 దాకా పోతుందని, వాటిని నేరుగా డ్రెయిన్‌లోకి వదలకూడదని సైటు మీద పనిచేసేవాళ్ళకు తెలుసు. ఊక పనీ అలాగే పీహెచ్‌ను బట్టి మారిపోతుంది. సీసం, కాడ్మియం సాధారణంగా 5, 6 దగ్గర బాగా అంటుకుంటాయి. నీళ్ళలో ఆమ్లం మరీ ఎక్కువైతే హైడ్రోజన్ అయాన్లే ముందుగా ఆ చోట్లు ఆక్రమిస్తాయి. విషపూరితమైన హెక్సావాలెంట్ క్రోమియం సంగతి దీనికి తలకిందులు, దాన్ని పట్టాలంటే ఆమ్లమే కావాలి. మరి ఒకే డ్రమ్ములో ఒకే పొడి వేసి 'అన్నీ పోతయి' అంటే ఎట్లా కుదురుతుంది?

ఏ రంగు పోతుంది?

వార్తల్లో కనిపించే పెద్ద పెద్ద శాతాల వెనక చాలాసార్లు ఉండేది మెథిలీన్ బ్లూ అనే రంగు. ల్యాబుల్లో పరీక్షకు ఎక్కువగా వాడేది అదే. దానికి ధనావేశం, ఊక ఉపరితలానికి మామూలు నీళ్ళలో రుణావేశం. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. కానీ నూలు అద్దకంలో విరివిగా వాడే రియాక్టివ్ రంగులకు రుణావేశం ఉంటుంది. ఉత్త ఊక వాటిని సరిగ్గా పట్టలేదు. ఊకకు రసాయనాలు పట్టించాలి, లేదంటే కాల్చి యాక్టివేటెడ్ బొగ్గు చేయాలి. అప్పుడిక 'ఉత్త పుణ్యానికి' అన్న మాట చెల్లదు.

ఇంకో చిక్కు ఉప్పు. నూలుకు రియాక్టివ్ రంగు పట్టాలంటే తొట్టిలో ఉప్పు దండిగా వేయాలి. ఆ ఉప్పు బట్టతో పోదు, నీళ్ళతోనే బయటికొస్తుంది. దీని ఫలితం తమిళనాడులోని తిరుప్పూర్‌లో చూశాం. అక్కడి నొయ్యల్ నది మీద 1992లో పొలాల కోసం కట్టిన ఒరత్తుపాళయం డ్యాం కొన్నేళ్ళకే అద్దకం నీళ్ళ చెరువుగా మారింది. డ్యాం నీళ్ళు వదలొద్దని దిగువ రైతులే మొత్తుకున్నారు. చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం, బ్లీచింగు యూనిట్లను మూసేయమంది. ఆ తర్వాత చుక్క నీరు బయటికి వదలకుండా రివర్స్ ఆస్మాసిస్, ఎవాపరేటర్లతో శుద్ధి చేసే దారిలో పడ్డారు.

ఊక పొడి రంగును తీస్తుంది, ఉప్పును తీయదు. ఎర్రటి నీళ్ళొస్తే రైతు కనీసం కాలువకు అడ్డుకట్ట వేస్తాడు. తేటగా కనిపించే ఉప్పు నీళ్ళను ఎవరు ఆపుతారు? రంగు పోవడమే శుద్ధి అనుకుంటే అసలు ప్రమాదం కంటికి కనబడకుండా పొలంలోకి చేరుతుంది.

సైటు లెక్క

ఊక ఎంత కావాలో ఒక లెక్క వేసి చూశాం. రోజుకు లక్ష లీటర్ల నీళ్ళు, లీటరులో 20 మిల్లీగ్రాముల సీసం ఉన్నాయనుకుందాం. అంటే రోజుకు 2 కిలోల సీసం. గ్రాము ఊక 10 మిల్లీగ్రాములు పట్టుకుంటుందనుకున్నా రోజుకు 200 కిలోల ఊక కావాలి. నెలకు 6 టన్నులు. ఊక తేలిక సరుకు, ఘనపు మీటరుకు 100 నుంచి 150 కిలోలే తూగుతుంది. అంటే ప్రతి రోజూ దాదాపు రెండు ఘనపు మీటర్ల ఊక లోపలికి రావాలి, వాడినదంతా బయటికి పోవాలి. ఇదీ ఊక నిండుగా పట్టుకుంటేనే. వాగులు, నదుల్లోకి వదిలే నీళ్ళలో సీసం లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదన్నది మన దేశంలో నిబంధన. అంత కిందికి దించాలంటే ఇంకా ఎక్కువ ఊక పడుతుంది.

ఊక దొరకదని కాదు. టన్ను వడ్లు ఆడిస్తే సుమారు 200 కిలోలు వస్తుంది. కానీ దాన్ని రైస్ మిల్లుల బాయిలర్లలో, ఇటుక బట్టీల్లో కాలుస్తారు. 'వ్యర్థం' అని మనం పేరు పెట్టినదానికి బజారులో ధర ఉంది.

వాడిన ఊక ఎవరి నెత్తిన?

అసలు ప్రశ్న ఇది. సీసం మాయం కాలేదు, నీళ్ళలోంచి ఊకలోకి మారింది, అంతే. సీసం, క్రోమియం పట్టిన ఊక ఇప్పుడు ప్రమాదకర వ్యర్థం. పొలం గట్టున పోస్తే వాననీటికి మళ్ళీ ఊడి భూమిలోకి దిగొచ్చు. బట్టీలో కాలిస్తే లోహం బూడిదలో మిగులుతుంది, కొంత పొగలో పోతుంది. ఇలాంటి సరుకును చట్టప్రకారం హైదరాబాద్ శివారు దుండిగల్‌లోనో, విశాఖ దగ్గర పరవాడలోనో ఉన్నలాంటి ప్రత్యేక కేంద్రాలకు పంపాలి. దానికి రవాణా ఖర్చు, రుసుము రెండూ ఉంటాయి. వాడిన ఊకను ఏం చేస్తావని బామ్మర్దిని అడిగితే, 'ఎరువు కుప్పల వేస్తం బావా' అన్నాడు. అక్కడే మేము ఆగిపోయాం.

తమిళనాడులోని రాణిపేటలో 1990లలో మూతపడిన ఒక క్రోమేట్ ఫ్యాక్టరీ వదిలిపోయిన వ్యర్థాల గుట్ట లక్ష టన్నులకు పైమాటే. ఫ్యాక్టరీ పోయింది గానీ దాని క్రోమియం చుట్టుపక్కల భూగర్భజలాల్లోకి దిగింది. మన దగ్గర పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల నీళ్ళు నక్కవాగులో కలిసి పొలాలు పాడైన కేసు 1990లో సుప్రీంకోర్టుకెక్కింది. అక్కడినుంచి హైకోర్టుకు, ఆ తర్వాత గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్ళింది. ఒక్కసారి నేల చెడితే న్యాయానికి ఎన్ని దశాబ్దాలు పడుతుందో ఆ ఊళ్ళ రైతులను అడిగితే చెప్తారు.

దారి లేదా అంటే ఉంది. లోహాలు ఎక్కువగా ఉన్న నీళ్ళలో ముందు సున్నం వేసి చాలావరకు అడుక్కి దించి, మిగిలిన కొద్దిపాటిని పట్టడానికి ఇలాంటి పొడులు పనికొస్తాయి. ఆమ్లంతో కడిగి ఊకను కొన్నిసార్లు తిరిగి వాడుకోవచ్చు. అయితే ఆ కడిగిన ఆమ్లాన్ని కూడా శుద్ధి చేయాలి. వాడిన ఊకను కాల్చిన బూడిదను సిమెంటులో బిగించే పద్ధతి మీదా పరిశోధనలు జరిగాయి. మంచి ఊక బూడిదను కాంక్రీటులో కలపడం మాకు తెలిసిన సంగతే. కానీ లోహం పట్టిన బూడిదతో చేసిన ఇటుక నుంచి విషం ఊరదని పరీక్షలో తేలాకే దాన్ని గోడకు వాడాలి. ఇవన్నీ సంచి పొడి అమ్మేవాడు ఒక్కడు చేయగల పనులు కావు. చిన్న షెడ్లకు ఉమ్మడి శుద్ధి కేంద్రం, కాలుష్య నియంత్రణ మండలి పర్యవేక్షణ ఉన్నచోట ఊక ఒక మెట్టుగా పనికొస్తుంది.

అందుకే ఐదు వేలు పంపలేదు. నాలుగు ప్రశ్నలు పంపాం. ఆ షెడ్లలో వాడేది ఏ రకం రంగు? నీళ్ళలో ఏ లోహం ఎంతుంది, ఉప్పెంతుంది? పొడి వేసిన తర్వాత పరీక్ష ఎవరు చేస్తారు? వాడిన ఊకను ఎవరు తీసుకెళ్తారు, ఆ ఖర్చు ఎవరిది? తలా వంద దిర్హాములు వేసుకుని ఒక షెడ్డు నీళ్ళను గుర్తింపు పొందిన ల్యాబులో పరీక్ష చేయించడానికి మాత్రం పంపించాం. బామ్మర్దికి కొంచెం కోపమొచ్చింది. వాళ్ళ అక్క మాత్రం, వాగు పక్క బావి నీళ్ళు కూడా అదే ల్యాబుకు ఇయ్యమన్నదట. ఆ కాగితం వచ్చాకే మిగతా మాట. మీ ఊళ్ళోనూ ఎవరైనా ఇలాంటి యూనిట్ పెడతామంటే డబ్బు పంపేముందు ఈ నాలుగూ అడగండి. నాలుగోదానికి జవాబు రాకపోతే పంపకండి.