నిదానమే ప్రధానం

మన భాషలో ‘నిదానం’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. తొందరపడకపోవడం అందరూ ఎరిగిన అర్థం. రోగకారణాన్ని కనిపెట్టడం వైద్యులెరిగిన అర్థం. ఈ రెండూ ఒకే మాటలో ఇమడడం కాకతాళీయమే కావచ్చును గాని, చెడిపోయిన కారుతో మెకానిక్కు ముందు నిలబడిన ప్రతి మనిషికీ అందులో ఒక హితవు ఉన్నదని నా అభిప్రాయం. ఆ హితవు నాకు కొంత ఖరీదుగానే అబ్బింది. ముందు ఆ ముచ్చట చెప్పి, పిదప నా వాదన వినిపిస్తాను.

మాది కాకినాడ. గడచిన వర్షాకాలంలో మా కారు ఉదయం పూట మొరాయించడం మొదలుపెట్టింది. తాళం తిప్పితే ‘టక్’మని ఒక శబ్దం, ఆపై నిశ్శబ్దం. నాలుగైదుసార్లు తిప్పితే ఎప్పుడో ఒకప్పుడు కదిలేది. నేను మెకానిక్కు దగ్గరకు పోయి, “బ్యాటరీ పోయినట్టుంది, మార్చెయ్యండి” అన్నాను. ఆయన మార్చాడు. పది రోజులు బాగానే నడిచి మళ్ళీ అదే వరుస. ఈసారి “స్టార్టరు మోటారు అయి ఉంటుంది” అని ఆయన అన్నాడు, నేను సరేనన్నాను. అదీ మారింది. మళ్ళీ కొన్నాళ్ళు ప్రశాంతం. ఒకనాటి అర్ధరాత్రి మా నాన్నగారికి ఛాతీలో నొప్పి వచ్చింది. కొత్త బ్యాటరీ, కొత్త స్టార్టరు ఉన్న మా కారు ‘టక్’మని ఊరుకున్నది. వానలో వీధి చివరిదాకా పరుగెత్తి ఆటో పిలుచుకువచ్చిన ఆ పావుగంట నేను బ్రతికినంతకాలం మరువలేనిది.

దైవకృప వలన నాన్నగారికి ప్రమాదం తప్పింది. అయితే ఆ రాత్రి ఆసుపత్రిలో డాక్టరు చేసిన పని నన్ను ఆలోచనలో పడవేసింది. ఆయన మందు వ్రాయలేదు. నొప్పి ఎప్పుడు మొదలయింది, ఎక్కడ, నడిస్తే పెరుగుతుందా, చేతిలోకి ప్రాకిందా, ఇంతకు మునుపు వచ్చిందా, ఏయే మందులు వాడుతున్నారు అని వరుసగా అడిగాడు. ఇ.సి.జి. తీయించాడు. ఆ తరువాతనే నోరు విప్పాడు. “గుండె పోయినట్టుంది, మార్చెయ్యండి” అని నేను ఆయనతో అనలేదు. అంటే ఆయన వినేవాడూ కాదు. మరి మెకానిక్కు దగ్గర నేను చేసినది అదే కదా!

తరువాతి వారం ఒక మిత్రుడు చెప్పగా ఒక వృద్ధ ఎలక్ట్రీషియను మా ఇంటికి వచ్చాడు. పావుగంటసేపు బానెట్టు ఎత్తనే లేదు. “ఎప్పట్నించండీ? వాన రోజునేనా, ఎండ రోజునా? తాళం తిప్పినప్పుడు లైట్లేమవుతున్నాయండీ? ఇది మొదలవకముందు బండికేమన్నా పని చేయించారా మాస్టారూ?” అని అడుగుతూ పోయాడు. లైట్ల సంగతి నేను ఏనాడూ గమనించలేదు. చివరి ప్రశ్నకు మాత్రం నాకు చటుక్కున ఒక విషయం స్ఫురించింది. వేసవిలో ఒక దుకాణంలో పెద్ద హారను బిగింపించాను. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నన్ను ఎవరూ అడగనూ లేదు.

అప్పుడాయన మల్టీమీటరు తీశాడు. నన్ను తాళం తిప్పమని, ముందు బ్యాటరీ రెండు ధ్రువాల మధ్య కొలిచాడు. అంత భారంలోనూ వోల్టేజి 10.5కు దిగువకు రాలేదు. కనుక బ్యాటరీ నిర్దోషి. పిదప ఒక కొనను బ్యాటరీ ఋణధ్రువంపైన, రెండవదానిని ఇంజను ఇనుముపైన ఆనించి మళ్ళీ తిప్పమన్నాడు. ఆ రెండింటి మధ్య లావుపాటి తీగ ఉన్నది, కనుక అక్కడ దాదాపు సున్న కనిపించాలి. మహా అయితే 0.2 లేక 0.3 వోల్టు. మీటరు 3 చూపించింది. దొంగ దొరికాడు. హారను బిగించినప్పుడు విప్పిన ఎర్తు తీగను సరిగా బిగించలేదు. ఆ సందులోకి మా సముద్రపు గాలి దూరి పచ్చని చిలుము పట్టించింది. గరుకు కాగితంతో రుద్ది, బిగించి, గ్రీజు పూశాడు. అంతటితో ఆగక మళ్ళీ కొలిచి, 0.1 కన్న తక్కువ చూపిన తరువాతనే బానెట్టు దించాడు.

ఇందులోని లెక్క చాలా చిన్నది. స్టార్టరు మోటారు సుమారు 200 ఆంపియర్ల విద్యుత్తును లాగుతుంది. దారిలో 0.015 ఓము నిరోధం ఉంటే చాలు, 3 వోల్టులు అక్కడే ఆవిరవుతాయి. అదే నిరోధం దీపాలు లాగే 10 ఆంపియర్లకు 0.15 వోల్టు మాత్రమే మింగుతుంది. కనుకనే తాళం తిప్పకముందు దీపాలూ, హారనూ చక్కగా పనిచేసి మమ్మల్ని మోసగించాయి. ప్రతి మరమ్మతు తరువాత కొన్నాళ్ళు బాగుండడానికి కారణం కూడా ఇదే. బ్యాటరీ మార్చేటప్పుడు ఆ తీగ కదిలి, చిలుము కొంత రాలి, తాత్కాలికంగా స్పర్శ కుదిరేది. మేము అది కొత్త బ్యాటరీ మహిమ అనుకున్నాము. రోగం తగ్గడం వేరు, మన మందు వలన తగ్గడం వేరు.

ఇక నా వాదన. పన్నెండు వందల యేళ్ళకు పూర్వపు ఆయుర్వేద గ్రంథం ‘మాధవనిదానం’లో రోగాన్ని తెలుసుకోవడానికి ఐదు ఉపాయాలు చెప్పబడినవి. నిదానం అనగా కారణం. పూర్వరూపం అనగా ముందుగా పొడచూపే గుర్తులు. రూపం అనగా స్పష్టమైన లక్షణాలు. ఉపశయం అనగా దేనివలన ఉపశమిస్తుందో చూచి తెలుసుకోవడం. సంప్రాప్తి అనగా రోగం పుట్టి పెరిగిన క్రమం. ఈ ఐదింటినీ కారుకు అన్వయించి చూడండి, ఒక్కటీ వృథా పోదు. ఉపశయాన్నే తీసుకోండి. నాలుగు సిలిండర్ల ఇంజనులో రెండవది సరిగా మండడం లేదనుకోండి. దాని ఇగ్నిషను కాయిలును మూడవదానికీ, మూడవదాని కాయిలును రెండవదానికీ మార్చి చూస్తే, జబ్బు మూడవ సిలిండరుకు పోయిందా, తప్పు కాయిలుదే. పోలేదా, కాయిలు నిర్దోషి. ఒక్క రూపాయి ఖర్చు లేదు. అయితే నియమం ఒకటే: ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే బండి బాగుపడవచ్చును గాని మనకు తెలిసేది ఏమీ లేదు.

“ఇప్పుడు కంప్యూటరు ఉన్నది కదా, కోడు చెబుతుంది” అనేవారున్నారు. అమెరికాలో 1996 మోడలు కార్ల నుండి ఓబీడీ-2 తప్పనిసరి అయింది. నేడు మన కార్లలోనూ స్టీరింగు దిగువన ఆ పదహారు పిన్నుల సాకెట్టు కనిపిస్తుంది. అది గొప్ప సదుపాయమే. కాని కోడు చెప్పేది లక్షణాన్ని, కారణాన్ని కాదు. పి0171 అంటే మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని కంప్యూటరు గ్రహించినదని మాత్రమే. గొట్టం ఎక్కడో చిట్లి గాలి దూరుతూ ఉండవచ్చు. గాలిని కొలిచే సెన్సారుకు మురికి పట్టి ఉండవచ్చు. పెట్రోలు పంపు నీరసించి ఉండవచ్చు. ఆ కోడు చూచి నేరుగా ఆక్సిజను సెన్సారును మార్చేయడం, జ్వరం చూపించిందని థర్మామీటరును పారవేయడం వంటిది.

చేయి తిరిగిన మేస్త్రీ శబ్దం వినే చెప్పగలడు, ఈ తతంగమంతా ఎందుకన్న ఆక్షేపణ కూడా ఉన్నది. ఆ చెవిని నేను గౌరవిస్తాను. కాని అనుభవం ఇచ్చేది ఊహను. ఆ ఊహ నిజమో కాదో రెండు నిమిషాలలో పరీక్షించే వీలున్నప్పుడు పరీక్షించకపోవడం అనుభవం కాదు, అహంకారం. మా ఎలక్ట్రీషియను నలభై యేళ్ళ చెయ్యి. అయినా మీటరు చూడకుండా స్పానరు పట్టలేదు.

అలాగని తప్పంతా మెకానిక్కులపైన వేయడం నా ఉద్దేశం కాదు. మనం సామానుకు డబ్బులిస్తాము, బిగించినందుకు కూలి ఇస్తాము. ఆలోచించినందుకు ఇవ్వము. రెండు గంటలు వెదకి ఒక నట్టు బిగించిన మనిషితో “ఇంతేనా, దీనికి మూడు వందలా?” అంటాము. ఊహ మీద వేలకు వేలు బిల్లు చేసినవానికి మాత్రం మారు మాట్లాడకుండా చెల్లిస్తాము. ఇటువంటి బేరంలో ఏ మనిషైనా వెదకడం మాని మార్చడానికే అలవాటు పడతాడు. పైగా మనమే రోగం పేరు చెప్పి, మనకు తెలిసిన చరిత్రను దాచి, “తొందరగా కానివ్వండి” అంటాము. మా కారు విషయంలో మొదటి తప్పుడు నిర్ధారణ చేసినవాణ్ణి నేనే.

కనుక నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను. మెకానిక్కుకు లక్షణాలు చెబుతాను, విడిభాగం పేరు చెప్పను. ఎప్పుడు, ఎండలోనా వానలోనా, చల్లని ఇంజనా వేడి ఇంజనా, అంతకు మునుపు ఏమి చేయించాము అన్నది కారులోని చిన్న పుస్తకంలో వ్రాస్తాను. “ఇది పోయిందని ఎలా తెలిసింది?” అని మర్యాదగా అడుగుతాను. పరీక్షకు వేరుగా డబ్బులిస్తానని ముందే చెబుతాను.

ఆనాడు ఆ వృద్ధుడు మూడు వందలడిగాడు. ఐదు వందలిస్తే రెండు వందలు తిరిగి ఇచ్చి, “అనుమానం మీద సామాను మార్చకూడదండీ” అని మాత్రం అన్నాడు. నాన్నగారు ఈనాటికీ కారెక్కగానే, నేను తాళం తిప్పేవరకు మాట్లాడరు. ఇంజను అందుకున్న తరువాతనే తలుపు వేసుకుంటారు. బండి బాగుపడి చాలా రోజులయింది. ఆయనకు దానిమీద నమ్మకం ఇంకా పూర్తిగా రాలేదు.