పదహారేళ్ళ ప్రేమకు తొందర పెళ్ళి మందు కాదు



ప్రతి సంవత్సరం ఇంటర్ పరీక్షలు అయిపోయాక, ఎండాకాలంలో, కొందరు తల్లులు ఆడపిల్లలను ఓ.పి.కి తీసుకొస్తారు. "సిస్టరమ్మా, పోరి మంచిగ తింటలేదు, రాత్రి నిద్ర పోతలేదు, గుండె దడదడ అంటున్నదట" అంటారు. రక్తం పరీక్ష చేస్తాము, ఈ.సి.జి. తీస్తాము. కొందరికి రక్తం తక్కువగా ఉంటుంది, మిగతావన్నీ బాగానే ఉంటాయి. తల్లి మందుల కోసం లైనులో నిలబడ్డప్పుడు అమ్మాయి మెల్లగా అసలు సంగతి చెప్తుంది. కాలేజీ బస్సులో ఒక అబ్బాయి. ఇంట్లో తెలిసిపోయింది. ఫోను గుంజుకున్నారు. ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు.

సంఘ కుటుంబాలు చదివే పత్రికలో ఈ విషయం రాయవచ్చా అని మేము ఆలోచించాము. రాయకపోతేనే తప్పు అనిపించింది.

ఆ వయసులో ఒకరి మీద ఇష్టం కలగడం రోగం కాదు. దేవుడు పెట్టిన ఎదుగుదలలో అదొక భాగం. అయితే మెదడులో ఆవేశానికి, సంతోషానికి సంబంధించిన భాగాలు ముందుగా చురుకవుతాయి. మంచి చెడ్డలు ఆలోచించి "ఆగు" అని చెప్పే ముందు భాగం పూర్తిగా ఎదిగేసరికి ఇరవై ఐదేళ్ళు దగ్గర పడతాయి. కాబట్టి పిల్లల ఇష్టం అబద్ధం కాదు, కానీ జీవితాంతం నిలిచే నిర్ణయానికి అది చాలదు. పిల్లలు తొందరపడటానికి ఈ వయసు కారణం. మరి పెద్దలమైన మనం ఎందుకు తొందరపడుతున్నాము?

భయం వల్ల. ఆ భయం మాకు తెలుసు. 1937లో మొదలై ఎన్నో ఇండ్లకు అన్నం పెట్టిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అంతకు ఎంతో ముందు నుండే మన జిల్లా మగవారు దుబాయికి, మస్కట్‌కు పోతున్నారు. ఇంట్లో తల్లి ఒక్కతే బీడీలు చుడుతూ ఎదిగిన పిల్లను చూసుకోవాలి. "ఏమన్నా అయితే అందరు నన్నే అంటరు" అని ఆమె భయం. ఫోనులో తండ్రి ఒక్క మాట అంటాడు, "పెండ్లి చేసెయ్యి" అని.

ఒకప్పుడు మేము కూడా ఒక తల్లికి అదే సలహా ఇచ్చాము. "మంచి సంబంధం ఉంటే చేసెయ్యండమ్మా, అన్నీ సర్దుకుంటాయి" అన్నాము. ఆ అమ్మాయికి అప్పుడు పదహారేళ్ళు. మరుసటి సంవత్సరం ఆమెను లేబర్ రూములో చూశాము. హిమోగ్లోబిన్ 6 గ్రాములు, కాళ్ళ నిండా నీరు, బి.పి. బాగా ఎక్కువ. దేవుని కృప వలన తల్లి బ్రతికింది. కిలోన్నర బరువుతో పుట్టిన బాబు నాలుగు రోజులే ఉన్నాడు. ఆ తరువాత ఆ సలహా మేము ఎవరికీ ఇవ్వలేదు.

గర్భిణీకి హిమోగ్లోబిన్ 11 గ్రాములు ఉండాలి. 7 కంటే తగ్గితే ప్రాణాపాయం. పందొమ్మిదేళ్ళ లోపు తల్లులకు గుర్రపు వాతం, కాన్పు తరువాత ఇన్ఫెక్షన్లు వచ్చే ప్రమాదం ఎక్కువ. బిడ్డ నెలలు నిండకుండా, రెండున్నర కిలోల లోపు బరువుతో పుట్టే అవకాశమూ ఎక్కువే. చట్టం కూడా ఊరుకోదు. 2006 బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. నిండకుండా పెళ్ళి జరిపించిన వారికి, పెద్దలైనా పాస్టరుగారైనా, రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

ఇక పిల్లలతో ఒక మాట. ఇంట్లోంచి వెళ్ళిపోవడం ధైర్యం కాదు బిడ్డా. అమ్మాయికి 18 నిండకపోతే ఆమె ఇష్టంతోనే వచ్చిందన్నా చట్టం ఒప్పుకోదు. 2012 పోక్సో చట్టం కింద కేసు పడితే అబ్బాయి జైలుకు పోవచ్చు, ఇద్దరి చదువూ ఆగిపోవచ్చు. నిజమైన ఇష్టమైతే ఆగగలదు. రాహేలు కోసం యాకోబు ఏడేండ్లు కొలువు చేసిన సంగతి సండే స్కూలులో విన్నదే కదా.

మన మిషన్ ఆసుపత్రులకు దారి చూపిన ఐడా స్కడ్డర్ గారు కూడా వయసులో ఉన్నప్పుడు అమెరికా తిరిగి వెళ్ళి స్థిరపడాలనుకున్నారు. తమిళనాడులోని తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడమని ఆమెను బ్రతిమాలారు. మగ డాక్టరైన ఆమె తండ్రిని వారు రానివ్వలేదు, ఆమెకేమో వైద్యం రాదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆమె నిర్ణయం అప్పుడే మారిపోయింది. కానీ వైద్యం చదివి, 1900లో తిరిగి వచ్చి వెల్లూరులో సేవ మొదలుపెట్టడానికి సంవత్సరాలు పట్టింది. ధైర్యం ఒక్క రాత్రిలో రావచ్చు, దాన్ని నిలబెట్టుకోవడానికి చదువు, సమయం కావాలి.

నర్సింగ్ హాస్టలుకో, హైదరాబాదు కాలేజీకో మొదటిసారి పోయేటప్పుడు కాళ్ళు వణుకుతాయి. హాస్టలులో మొదటి వారం మేమూ ఏడ్చినవాళ్ళమే. భయం పోయాక బయలుదేరుదామంటే ఎవరూ బయలుదేరరు. ఒక్క పెద్దమనిషికి, అమ్మకో మేనత్తకో టీచరుకో, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చెప్పుకోవడానికి ఎవరూ లేకుంటే మా దగ్గరికి రండి. మీరు చెప్పింది వార్డులో చాటింపు వేయము. రాత్రివేళ మనసు మరీ కుంగిపోతే టెలి మానస్ 14416కు, బలవంతపు పెళ్ళి చేస్తుంటే 1098కి ఉచితంగా ఫోను చేయవచ్చు.

తల్లిదండ్రులారా, బిడ్డ చెప్పేది ముందు వినండి. కొట్టకండి, చదువు మాన్పించకండి. రక్తం పరీక్ష చేయించి ఐరన్ మాత్రలు వేయించండి. పెళ్ళి మాట 18 నిండాక, ఆమె ఒప్పుకున్నాక మాట్లాడండి. చెరకు కూడా పక్వానికి రాకముందు నరికితే తీపి ఉండదని మన బోధన్ రైతులకు ఒకరు చెప్పాలా?

దేవుడు మీ పిల్లలను కాపాడును గాక.