స్విచ్‌ను చూసే వీలు మా కొండ మీదా ఉండాలి

సీలేరులో ఓ బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. నిరుడు మా బడికి క్లౌడ్ నుంచి నడిపే నెట్‌వర్క్ స్విచ్ పెట్టారు. సెట్టింగులన్నీ సర్వీసువాళ్లు సిటీలో కూర్చునే చేస్తారు. మాకు పాస్‌వర్డు లేదు. వానలు మొదలయ్యాక ఆ స్విచ్ రోజుకు ఐదారుసార్లు ఆగిపోయేది. ఫోన్ చేస్తే ‘ఆఫ్‌లైన్ చూపిస్తోంది సార్’ అనేవారు. రెండుసార్లు స్విచ్ మార్చారు. చింతపల్లి, ధారకొండ మీదుగా ఘాట్ రోడ్డులో చెట్లు పడి, ఒకసారి కొత్తది చేరడానికే పన్నెండు రోజులు పట్టింది. మూడోదీ అలాగే ఆగిపోయింది.

అప్పుడు పదో తరగతి పిల్లలిద్దరికి ఓ నోటుబుక్కు ఇచ్చి, స్విచ్ లైటు ఆరినప్పుడల్లా టైము రాయమన్నాను. మూడు రోజుల్లో గుట్టు తెలిసింది. బోరు మోటారు వేసినప్పుడల్లా స్విచ్ ఆరుతోంది. రెండూ ఒకే ఫేజు మీద ఉన్నాయి. మోటారు అందుకోగానే వోల్టేజీ పడిపోయి స్విచ్ మళ్లీ మొదటినుంచి లేస్తోంది. యూపీఎస్ ఉందిగానీ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ఎర్త్ తీగ క్లాంపు దగ్గర పచ్చగా చిలుము పట్టి, వేలితో కదిపితే ఊడొచ్చింది. ఫేజు మార్చి, బ్యాటరీ వేసి, ఎర్త్ బిగించాం. మళ్లీ ఆగలేదు.

240 మెగావాట్ల ఎగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం మా దగ్గరే ఉంది. అయినా బడికి వచ్చే కరెంటు అడవి లైన్ల మీదే రావాలి, కొమ్మ తగిలితే పోతుంది. కరెంటు పోయినా, స్తంభాల మీది ఫైబర్ తెగినా, స్విచ్ కాలిపోయినా సిటీలో తెర మీద కనిపించేది ఆ ఆఫ్‌లైన్ ఒక్కటే. తేడా చెప్పగలిగేది పెట్టె ముందు నిలబడ్డ మనిషే. ఫైబర్ తెగినంత మాత్రాన స్విచ్ పనిచేయడం మానదు, దాచుకున్న సెట్టింగులతో లోపలి కంప్యూటర్లను కలుపుతూనే ఉంటుంది. ఆ సంగతి తెలియక రీసెట్ నొక్కారా, నెట్ వచ్చేదాకా ఉన్నదీ పోయినట్టే. కొన్ని స్విచ్‌లు కరెంటు పోయి వస్తే తేదీ మరిచిపోతాయి. తేదీ తప్పితే క్లౌడ్ సర్టిఫికెట్‌ను ఒప్పుకోవు. తేదీ కోసం టైము సర్వర్‌కు వెళ్లే 123 పోర్టును ఫైర్‌వాల్‌లో మూసేసి ఉంటే, నెట్ ఉన్నా ఆఫ్‌లైనే. ఇవేవీ చూడకుండా కొత్త పెట్టె పంపితే డబ్బు దండగ, పిల్లల చదువూ దండగ.

అందుకే ఈ స్విచ్‌లు కొనేవాళ్లనూ నడిపేవాళ్లనూ కోరుతున్నాను. కొండ మీద పెట్టే ప్రతి స్విచ్‌కూ అక్కడుండే ఒకరికి లోకల్ లాగిన్ ఇవ్వండి. భద్రత సంగతి నాకూ తెలుసు. మార్చే అధికారం మీ దగ్గరే ఉంచుకోండి, పోర్టులూ లాగ్‌లూ మమ్మల్ని చూడనివ్వండి. ముసురు పట్టిన రోజుల్లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు పంపకండి, మధ్యలో కరెంటు పోతే స్విచ్ అసలు లేవకపోవచ్చు. స్విచ్ కొనే బిల్లులోనే మంచి యూపీఎస్, ఎర్తింగు కూడా రాయండి. ఐటీఐ చదివి పనికోసం చూస్తున్న కుర్రాళ్లు మా ఊళ్లో ఉన్నారు. వాళ్లకు ఓ వారం నేర్పితే ఈ మాత్రం చూసుకోగలరు. వచ్చే వానల్లోపే నేర్పండి.

— ఓ కంప్యూటర్ ఉపాధ్యాయుడు,
సీలేరు, అల్లూరి సీతారామరాజు జిల్లా