విత్తనాల సీమలో అనుములు కొనుక్కుంటున్నాం



"విత్తొకటి పెడితే చెట్టొకటి మొలుస్తుందా?" అని పెద్దల సామెత. నకిలీ ప్యాకెట్లు కొని మోసపోయిన మనకు ఇప్పుడు ఆ మాట చెబితే నవ్వొస్తుంది, కడుపూ మండుతుంది.

పత్తి విత్తనోత్పత్తికి మన గద్వాల పెట్టింది పేరు. మన ఆడవాళ్లు ఎండలో నిలబడి ఒక్కో పువ్వుకు చేత్తో క్రాసింగ్ చేస్తేనే ఆ విత్తనం తయారవుతుంది. కానీ అది హైబ్రిడ్. దాచుకుని మళ్లీ వేస్తే అదే పంట రాదు, ఏటా ప్యాకెట్ కొనాల్సిందే. ఊరందరికీ విత్తనం పండించే మనం సంక్రాంతి గుడాలకు అనుములు అంగట్లో కొంటున్నాం.

వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పండే పల్లికాయ హైబ్రిడ్ కాదు, ఇంటి విత్తనం మళ్లీ వేయొచ్చు. అయినా అప్పులోళ్లు వాకిట్లో ఉంటే కాయంతా కల్లంలోనే అమ్ముతాం. విత్తే నాటికి ఎక్కువ ధర పెట్టి కొంటాం.

మా అమ్మ కాలంలో జొన్న చేనులో కంది, అనుము సాళ్లు ఉండేవి. కోతకు ముందే అమ్మ చేనంతా తిరిగి మంచి కంకులు ఏరి దూలానికి కట్టేది. పప్పు గింజలను బూడిద, వేపాకు కలిపి కుండలో పెట్టేది. బీరపాదుకు ఒక మంచి కాయ వదిలేసి, దాని మీద ఎవరినీ చెయ్యి వేయనిచ్చేది కాదు. మా విత్తనాల గోదాం వంటిల్లే.

ఏ గింజ దాచాలో పండుగలు చెప్పేవి. సద్దుల బతుకమ్మకు నువ్వుల పొడి, పల్లి పొడి, మలీద. సంక్రాంతికి నువ్వులద్దిన సజ్జరొట్టె. పండుగకు కావాలి కనుక రెండు సాళ్లయినా వేసేవాళ్లం. బతుకమ్మకు పేర్చే గునుగు చేలో మొలిచే కలుపే. వినాయక చవితినాడు వండుకునే తుమ్మికూరా అంతే. కలుపు మందు కొట్టిన చేలో ఇప్పుడు రెండూ దొరకవు. పువ్వు కొని తెచ్చి బతుకమ్మ పేరుస్తున్నాం.

"జొన్న వేస్తే పిట్టలకే చాలదు, అప్పు తీరుతుందా?" అని మన పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పత్తి మానేయమని నేను అనడం లేదు. పది గుంటలు ఇంటి తిండికి వదలమంటున్నా. ఎక్కువ వేయాలంటే మాత్రం కొనే దిక్కుండాలి. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు, మంచిదే. మన జొన్నలు, సజ్జలు కూడా మద్దతు ధరకు కొని రేషన్‌లో, హాస్టళ్లలో పెట్టాలని సంఘం గట్టిగా అడగాలి.

విత్తనం దాచుకోవడం, మార్చుకోవడం, బ్రాండు వేయకుండా అమ్ముకోవడం మన హక్కని 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టమే చెబుతోంది. దాచిన గింజే లేకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. జహీరాబాద్ వైపు దళిత మహిళా రైతులు సంఘాలు కట్టి ఊరూరా విత్తన బ్యాంకులు నడిపారు. మనకెందుకు చేతకాదు?

వచ్చే ఏరువాక పున్నమికి ప్రతి గ్రామ కమిటీ ఒక విత్తనాల కూడిక పెట్టాలి. ఇంటికో గుప్పెడు గింజలు తెచ్చి, లేనివాళ్లకు ఇచ్చి, వాళ్ల దగ్గరున్నవి తీసుకుందాం. ముందుగా ఇంట్లో ముసలమ్మలను అడగండి. ఏ కుండలో ఏముందో వాళ్లకే తెలుసు. వాళ్లుండగానే అడగండి.